మిరియం ఎంత ఎదుగుతుంది

బేతంచెర్ల
11 ఆగస్టు 2024

శిరీనమ్మకు మామ హుసేన్ వలి దువాలు.

ఇక్కడ అందరం బాగున్నాం. నువ్వు వేళకు తింటున్నావంటే మీ అత్త పీరమ్మ నమ్మడం లేదు. ఫోన్లో నీ గొంతు సన్నబడిందట. నీ గొంతు నేను విని ఏళ్లయింది కాబట్టి ఆ సంగతి నాకు తెలియదు. గని తూటాలు నా చెవులు తీసుకుపోయి చేతులు వదిలిపెట్టాయి. అందుకే ఈ ఉత్తరం. మాట్లాడినట్టు రాయడం నాకు చేతకాదు. అయ్యన్న సారు బెత్తంతో నేర్పిన పుస్తకం భాషే కలం పట్టుకుంటే వస్తుంది. నవ్వుకోకు.

మన గుర్రం పన్నీరు పిల్లను వేసిన సంగతి నీకు తెలుసు. అది ఆడపిల్ల. తల్లి సున్నం కొట్టిన గోడలా తెల్లగా ఉంటే ఇది బొగ్గులా పుట్టింది. తెల్ల గుర్రాలు నల్లగానే పుట్టి పెరిగేకొద్దీ తెల్లబడతాయని నాకు తెలుసు గానీ వీధికి తెలియదు. మన ఆస్మా దానికి మిరియం అని పేరు పెట్టింది. ఏ వేళలో పెట్టిందో, ఆరు నెలలు దాటుతున్నా అది మిరియం గింజలాగే ఉంది. బండల ట్రాలీ నడిపే శేషన్న నిన్న వాకిట్లో ఆగి, నాకు అర్థం కావాలని పెదవులు బాగా కదిలించి మరీ అడిగాడు. “ఏమప్పా వలీ, నీ గుర్రం పిల్లను యేసిందా, మేకను యేసిందా?”

నవ్వులాటకు బాగానే ఉంది. కానీ పన్నీరుకు మోకాళ్లు పట్టేస్తున్నాయి. ఇంకో రెండు మూడేళ్లు పెళ్లిళ్లకు మోస్తుందేమో. దాని తర్వాత మిరియం మీదే మన ఇల్లు నడవాలి. పెళ్లికొడుకు గుర్రమెక్కితే వీధి చివర నిలబడినవాళ్లకు తలపాగా కనపడాలి. కాళ్లు నేలకు రాసుకునే గుర్రాన్ని ఎవరు పిలుస్తారు? ఓర్వకల్లు నవీద్ తెలుసు కదా, విమానాశ్రయం రోడ్డులో పిల్లలను గుర్రాలెక్కించి తిప్పుతాడు, అతను అడుగుతున్నాడు. “పొట్టిదైతే నాకియ్యి మామా, ఎదిగే పిల్లనొకదాన్ని నీకు నేను చూసిపెడతా” అంటాడు.

వెంట్రుక చూసి గుర్రం ఎంత ఎత్తు పెరుగుతుందో చెప్పే పరీక్ష మీ ల్యాబులో ఉందని, పోయినసారి వచ్చినప్పుడు నువ్వు ఆస్మాతో చెబుతుంటే మీ అత్త విన్నదట. నిజమేనా? లేక అందులో సగం మీ అత్త సొంత కల్పనా?

ఆస్మా ఇంటర్ పాసయింది. కానిస్టేబుల్ అవుతానని పొద్దున్నే గనుల రోడ్డులో పరుగెత్తుతోంది. పరుగులో మగపిల్లలను దాటుతుంది. ఎత్తులోనే వేలెడు తక్కువ. సాగుతానని వసారా దూలం పట్టుకుని వేలాడుతోంది. కర్నూలులో కోచింగ్‌కు పంపమంటోంది. చూడాలి.

జవాబు రాయి. ఫోన్లో చెబితే అది మీ అత్త చేతి సైగల్లో నా దగ్గరకు వస్తుంది, దారిలో సగం రాలిపోతుంది.

నీ మామ
హుసేన్ వలి


బెంగళూరు
20 ఆగస్టు 2024

మామకు సలాం. అత్తకు రెండు సలాములు, నేను తింటున్నానని నమ్మడానికి ఒకటి ఎక్కువ.

అత్త ఈసారి ఏమీ కల్పించలేదు. పరీక్ష ఉంది, మా దగ్గరే చేస్తారు. ముందే ఒక మాట, పరీక్ష చేయిస్తే గుర్రం ఎత్తు పెరగదు. ఒకాయన అలా అనుకుని మళ్లీ చేయించమని మా సార్‌తో గొడవపడ్డాడు.

సంగతి ఇదీ. పుట్టే ప్రతి పిల్లకూ ఎత్తుకు సంబంధించిన రాత రెండు ప్రతులుగా వస్తుంది. తల్లి ఒక ప్రతి ఇస్తుంది, తండ్రి ఒక ప్రతి ఇస్తాడు. గుర్రాల్లో ముఖ్యమైన ఒక చోటును చూసి ఆ ప్రతి పొడుగు రకమా పొట్టి రకమా చెప్పగలుగుతున్నాం. రెండూ పొడుగువైతే గుర్రం బాగా ఎదిగే అవకాశం ఎక్కువ. ఒకటి అది, ఒకటి ఇది అయితే మధ్యరకం. రెండూ పొట్టివైతే పొట్టి. తల్లి ఎత్తుగా ఉన్నా లోపల ఒక పొట్టి ప్రతిని దాచుకుని ఉండవచ్చు, అదే పిల్లకు ఇచ్చి ఉండవచ్చు. కాబట్టి పన్నీరును తిట్టకు. ఇంకా మేత ఉంది, జబ్బులున్నాయి, మనకు తెలియని రాతలు ఇంకెన్నో ఉన్నాయి. అందుకే మేం చెప్పేది అంచనా మాత్రమే.

మిరియం జూలులోంచి పాతిక ముప్పై వెంట్రుకలు మొదళ్లతో సహా పీకు. కత్తెరతో కోసినవి పనికిరావు. మొదట్లో తెల్లగా చుక్కలా ఉంటుంది చూడు, మా పనంతా దానితోనే. తడి తగలకుండా కాగితంలో పొట్లం కట్టి పైన పేరు రాసి పంపు. ప్లాస్టిక్ కవరు వద్దు.

పీకేటప్పుడు మిరియం తంతుంది, పక్కకు నిలబడు. నువ్వు ఎప్పుడూ వెనకే నిలబడతావు.

నిన్న ఇక్కడ వీధిలో ఒక పెళ్లి ఊరేగింపు పోతోంది. గుర్రం వాసన గాలికి నా గది దాకా వచ్చింది. అమ్మ పోయాక నన్ను మీ ఇంటికి తెచ్చిన రోజు, ఏడుపు ఆపడం లేదని తాత గుర్రం మీద కూర్చోబెట్టి బజారంతా తిప్పావట. నాకు గుర్తు లేదు. కానీ ఆ వాసన వస్తే ఏడుపు ఆగిపోతుంది. నిన్న కూడా పని ఎక్కువై ఏడవబోయి ఆగిపోయాను.

ఆస్మాను కోచింగ్‌కు పంపు. దూలం మీద వేలాడితే భుజాలు నొప్పెడతాయి తప్ప ఏమీ కాదని చెప్పు.

నీ
శిరీను


బేతంచెర్ల
2 సెప్టెంబరు 2024

శిరీనమ్మకు,

వెంట్రుకలు పంపుతున్నాను. మిరియం తన్నింది. పక్కకే నిలబడ్డాను, పక్కకే తన్నింది. తొడ మీద గిట్ట గుర్తు చంద్రవంకలా ఉంది. మీ అత్త పసుపు రాస్తూ ఎంత తిట్టిందో వినపడలేదు గానీ చేతి బరువులో తెలిసింది.

ఊరు కాని ఊరికి వెంట్రుకలు పంపడం ఆమెకు ఇష్టం లేదు. “ఎంటికలు ఒకరి సేతికి పోగూడదు. ఎవరేం జేస్తారో ఏమో” అంటుంది. ఆ సేతులు మన శిరీనువేనే అని చెబితే కొంచెం తగ్గింది.

ఈ కవరులో రెండు పొట్లాలు ఉన్నాయి చూడు. ఒకటి మిరియానిది, పేరు రాశాను. రెండోది ఇంకొకరి పిల్లది. ఎవరిదని అడగకు. అది కూడా ఎంతవరకు ఎదుగుతుందో కొంచెం చూసి చెప్పు. ఆ ఇంట్లోవాళ్లు దాని మీద చాలా ఆశ పెట్టుకున్నారు. మొదళ్లు ఉన్న వెంట్రుకలు ఎక్కువ దొరకలేదు, దొరికినన్ని పెట్టాను. మీ అత్తతో ఫోన్లో ఈ రెండో పొట్లం మాట ఎత్తకు. పెద్ద కారణమేమీ లేదు, ఊరికే కంగారు పడుతుంది.

ఇంటి సంగతులు. వాన ఒకసారి పడింది, మళ్లీ లేదు. జొన్న చొప్ప దొరకడం కష్టంగా ఉంది. ఆస్మా ప్రతి నెలా తలుపు చట్టానికి ఆనుకుని నెత్తి మీద స్కేలు పెట్టి గీత గీసుకుంటోంది. ఈ నెల కూడా గీత కదల్లేదు. నా వైపు తిరిగి, “నాయనా, నేను ఇంగ ఎదుగుతానా?” అని అడిగింది. పన్నీరుకు నీళ్లు పెట్టాలని లేచి వెళ్లిపోయాను. అప్పుడే పెట్టి ఉన్నాను. అయినా మళ్లీ పెట్టాను. అది నా మొహం చూసి తాగింది.

కోచింగ్ మాట నీ జవాబు వచ్చాక ఆలోచిస్తాను.

నీ మామ
హుసేన్ వలి


బెంగళూరు
28 సెప్టెంబరు 2024

మామకు సలాం.

ఫలితం నిన్న వచ్చింది. నువ్వు ఎదురుచూస్తుంటావని ఆగలేక ఈ పొద్దున అత్తకు ఫోన్ చేశాను. అత్త వంటలో ఉంది. కుక్కరు కూత మధ్య “రెండూ పొట్టివే అత్తా, మామకు చెప్పు” అన్నంతవరకే చెప్పగలిగాను. మిగతాది ఇప్పుడు వివరంగా రాస్తున్నాను.

మిరియానికి తల్లి ఇచ్చిన ప్రతి పొట్టి రకం, తండ్రి ఇచ్చిందీ పొట్టి రకం. మా అంచనాలో యాభై నాలుగు అంగుళాల దగ్గర ఆగుతుంది. పన్నీరు అరవై ఉంది కదా. అంటే పెళ్లికొడుకులను మోసే గుర్రం కాదు. బాధగా ఉంది మామా. మంచి మాట రాయాలని నిన్న రాత్రంతా ఆ కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూశాను.

ఇక ఆ రెండో పొట్లం. దానికి ఫలితమే రాలేదు. మా ఆనందం సార్ భూతద్దం కింద పెట్టి చూసి, “ఏమ్మా శిరీన్, మీ మామ ఎవరి జడ పీకి పంపించాడు?” అని నవ్వాడు. అది గుర్రం వెంట్రుకే కాదట. మా పరీక్ష గుర్రానికి తప్ప దేనికీ పలకదు. ఎవరో నిన్ను ఆటపట్టించారు. శేషన్న మామ పనే అయి ఉంటుంది. ఏ ఎద్దు తోకో ఇచ్చాడా?

ఒక్కటి అడుగుతాను. మిరియాన్ని వెంటనే ఎవరికీ ఇచ్చేయకు. నేను సెలవు పెట్టుకుని వచ్చేదాకా ఆగు. పొట్టి గుర్రానికి కూడా ఏదో ఒక పని ఉంటుంది, కూర్చుని ఆలోచిద్దాం.

తొడ మీద వాపు తగ్గిందా?

నీ
శిరీను


బేతంచెర్ల
3 అక్టోబరు 2024

శిరీనమ్మకు,

నీ ఉత్తరం ఇంకా రాలేదు. కానీ విషయం అందింది. మీ అత్త పొయ్యి దగ్గర నుంచి వచ్చి రెండు వేళ్లు చూపించి, అరచెయ్యి నేలకు దగ్గరగా పట్టి, “రెండూ పొట్టే అంట” అంది. ఆమెకు రెండో పొట్లం సంగతి తెలియదు కాబట్టి ఆ రెండూ ఏమిటని ఆమె అడగలేదు. నాకు తెలుసు కాబట్టి నేనూ అడగలేదు.

నిజం చెప్పినందుకు నీకు మేలు జరగాలి. తెలియకుండా ఆశపడడం కన్నా ఇదే నయం.

మొన్న నవీద్ బండి తెచ్చి మిరియాన్ని ఓర్వకల్లుకు తీసుకుపోయాడు. బండి ఎక్కనని నాలుగు కాళ్లూ బిగబట్టింది. నేనే ఎత్తి ఎక్కించాను. ఎత్తగలిగేంతే ఉంది.

ఆస్మాను వేంపల్లె పంపించాను. మీ అత్త అక్క మాబున్ని అక్కడ కుట్టుమిషన్లు పెట్టుకుని ఆడపిల్లలకు నేర్పుతోంది. మంచి పని, చేతిలో ఉంటే ఎప్పటికైనా అన్నం పెడుతుంది. కర్నూలు కోచింగ్ వద్దన్నాను. ఎందుకు, ఎందుకు అని ఒకటే అడిగింది. చెప్పలేదు. చెబితే ఏమని చెప్పాలమ్మా? రేపు మైదానంలో వందమంది ముందు ఎవరో కర్ర కింద నిలబెట్టి కొలిచి, చాలవు పొమ్మంటే అది ఆ పరుగంతా ఎక్కడ పెట్టుకుంటుంది? అంతకన్నా నా చేత్తో నేనే దారి మళ్లిస్తే నొప్పి తక్కువ అనుకున్నాను. బస్సు ఎక్కేటప్పుడు నా వైపు చూడలేదు.

పన్నీరు మేత సరిగ్గా ముట్టడం లేదు. తలెత్తి రోడ్డు వైపే చూస్తోంది. మీ అత్త నాతో మాట్లాడడం మానేసింది. చెవిటివాడికి దానితో ఏం తేడా అనుకుంటావేమో. తేడా ఉంది.

నీ మామ
హుసేన్ వలి


బెంగళూరు
9 అక్టోబరు 2024

మామా,

సలాం చివర్లో పెడతాను. ముందు ఇది చదువు, రెండుసార్లు చదువు.

ఆ రెండో పొట్లం ఆస్మాది. అవునా? ఎద్దు తోక అని ఎగతాళి చేసిన నా ఉత్తరం ఈపాటికి నీకు అందే ఉంటుంది. అది తలచుకుంటే నాకు సిగ్గుగా ఉంది.

రెండూ పొట్టివే అని నేను చెప్పింది మిరియం ఒక్కదాని గురించే. తల్లి ఇచ్చిన ప్రతి, తండ్రి ఇచ్చిన ప్రతి, ఆ రెండూ. ఆస్మా గురించి మా పరీక్ష ఒక్క ముక్క కూడా చెప్పలేదు. చెప్పడం దానికి చేతకాదు కూడా. గుర్రాన్ని తూచే తక్కెడలో గాలిని పెట్టినట్టు అది. పొట్లం వచ్చింది, జవాబు రాలేదు, అంతే.

ఇంకో మాట కూడా రాయాలి. మనుషులకు అలాంటి పరీక్ష నిజంగా ఉండి, ఆస్మా ఎదగదని అది తేల్చినా, ఆ కాగితం చేరాల్సింది ఆస్మా చేతికి. తన ఎత్తు సంగతి తనకు తెలియకుండా మనమిద్దరం పొట్లాలు కట్టి పంపుకోవడం ఏమిటి మామా?

నిన్న అత్తకు ఫోన్ చేశాను. అత్త మాటల వెనక పన్నీరు అరుపు వినపడింది. ఆగి ఆగి అరుస్తూనే ఉంది. పిల్లను తీసుకుపోయినప్పటి నుంచి అంతేనట. వీధి వీధంతా వింటోందట. “మీ మామకొక్కనికే ఇనపడదు. అందుకే నిలకడగా తిరుగుతాండాడు” అంది అత్త. ఈ మాట నీకు రాయాలా వద్దా అని ఆలోచించాను. రాయకపోతే నేను కూడా నీ నుంచి ఒక పొట్లం దాచినట్టే అవుతుంది.

నీ మీద కోపం వచ్చింది. తర్వాత నవ్వు వచ్చింది. తర్వాత, దువ్వెనలోంచి ఒక్కో వెంట్రుకా ఏరుతూ, మొదలు ఉందో లేదో వెలుతురుకు పెట్టి చూసుకునే నీ మొహం కళ్ల ముందుకు వచ్చి ఏడుపు వచ్చింది. ఈసారి గుర్రం వాసన లేదు, ఆపుకోలేదు.

వేంపల్లె వెళ్లు మామా. ఈ ఉత్తరం ఆస్మాకు చదవడానికి ఇవ్వు.

సలాం.

శిరీను


బేతంచెర్ల
21 అక్టోబరు 2024

శిరీనమ్మకు,

నీ ఉత్తరం అందిన రోజే బయలుదేరాను. నీ మొదటి ఉత్తరంలో ప్రతుల సంగతి రాసే ఉన్నావు, నేను చదివే ఉన్నాను. కానీ భయపడేవాడు తన భయాన్నే వింటాడు.

వేంపల్లెలో మాబున్ని ఇంటి ముందు గదిలో ఆడపిల్లలందరూ మిషన్ల దగ్గర ఉన్నారు. ఆస్మా ఒక లంగాకు అంచు వేస్తోంది. నన్ను చూసింది, లేవలేదు. సూది కింద గుడ్డ వంకరగా పోతోంది. నేను పక్కన కూర్చుని నీ ఉత్తరం మిషను మీద పెట్టాను. చదివింది. చదవడం అయ్యాక నా వైపు పూర్తిగా తిరిగింది, నేను పెదవులు చూడగలిగేట్టు.

“నా ఎంటికలు గుర్రం ఎంటికలని పంపినావా నాయనా?”

“పంపినా.”

“గుర్రమని రాలేదు కద?”

“రాలేదంట.”

దానికి నవ్వొచ్చింది. మిషన్ల దగ్గర పిల్లలందరూ తిరిగి చూశారు. ఆ నవ్వు మధ్యలోనే కళ్లు నిండాయి.

“ఏలెడు తక్కువని నాకు తెలీదా? తలుపు మింద గీత గీసుకునేది నేనే కద. తక్కువైనా పోయి ఆడ నిలబడాలని ఉండాది నాకు. కొలిచేటోళ్లు కొలిచి సాలదంటే ఇంటికొస్తా. నువ్వెందుకు నాయనా ముందే కొలుస్తావు?”

మాబున్ని మంచినీళ్లు తెచ్చి ఇచ్చింది. తాగి, “ఇంటికి పోదాం రా” అన్నాను.

“మిరియం యాడుండాది?”

“ఓర్వకల్లులో.”

“అది ఇంటికి వస్తేనే నేను వచ్చేది.”

అందుకని ముందు ఓర్వకల్లు పోయాం. శేషన్నకు చెప్పి పంపితే బండలు దించేసి ఖాళీ ట్రాలీతో అక్కడికే వచ్చాడు. నవీద్ పందిరి కింద మిరియం నిలబడి ఉంది. పక్కటెముకలు కనపడుతున్నాయి. చుట్టూ చిన్నపిల్లలు గడ్డి పట్టుకుని చెయ్యి చాపుతున్నారు, అది ముట్టడం లేదు.

“ఇదేంది మామా, ఇచ్చినోనివి మళ్ల వచ్చి అడుగుతాండావు? ఇట్లయితే యాపారం జరిగినట్లే” అని నవీద్ మొహం మాడ్చుకున్నాడు. అతని తప్పు లేదు. నేను చేతులు కట్టుకుని నిలబడ్డాను. ఆస్మా నా కోసం ఆగలేదు. నేరుగా పోయి పందిరి కింద కూర్చుంది, అంతే. మిరియం వచ్చి దాని చంక కిందికి తల దూర్చి అలాగే నిలబడిపోయింది. కాసేపటికి ఆస్మా చేతిలో గడ్డి నమిలింది. నవీద్ చూసి చూసి తల గోక్కున్నాడు.

“సరేప్పా, తీస్కపోండి. మా తమ్ముని పెండ్లికి మాత్రం పన్నీరును పంపాల. ఇదో ఆస్మా, దీన్ని మెత్తంగ మలుచుకో. పెండ్లికొడుకు ఎక్కకపోతే ఏమి, సున్తీ పిల్లోళ్లను ఎక్కించొచ్చు. ఎత్తు గుర్రం మింద పెడితే ఆ బిడ్డలు బెదిరి సస్తారు.”

ఇంతమందిమి ఆలోచించాం, ఈ మాట ఎవరికీ తట్టలేదు చూడు. మన వీధిలో సున్తీ ఊరేగింపుల్లో పన్నీరు మీద ఏడవని పిల్లవాడిని నేను చూడలేదు.

తిరుగుదారిలో నేను ట్రాలీలో మిరియం మెడ చుట్టూ చెయ్యి వేసి కూర్చున్నాను. మన వీధి మలుపు తిరగగానే అది ఒక్కసారి తల పైకెత్తింది. పన్నీరు పిలిచిందట, ఆస్మా తర్వాత చెప్పింది. ఇది జవాబు పలికింది. ఆ పలుకు నా చెవికి రాలేదు శిరీనమ్మా. దాని మెడలోంచి నా అరచేతిలోకి వచ్చింది. మోచేతి దాకా పాకింది. ఇన్ని రోజులూ వీధంతా విన్నది నాకు అప్పుడు వినపడింది.

మీ అత్త మాట్లాడుతోంది. నిన్నటి నుంచి ఆపలేదు. వచ్చే వారం నుంచి ఆస్మా కోచింగ్‌కు పోతుంది.

నీ మామ
హుసేన్ వలి


బెంగళూరు
4 నవంబరు 2024

మామకు, అత్తకు, ఆస్మాకు, పన్నీరుకు, మిరియానికి వరసగా సలాములు.

నీ ఉత్తరం హాస్టల్ మెట్ల మీద కూర్చుని చదివాను. లేచేసరికి భోజనం అయిపోయింది. అత్తకు చెప్పకు.

ఆనందం సార్‌కు రెండో పొట్లం కథ చెప్పాను. నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు. ఆయన కూతురికి చూపు తగ్గుతోందట, ఎన్ని ఊళ్లు తిప్పుతున్నాడో చెప్పాడు. ఇన్నాళ్లూ పక్కపక్కన పనిచేస్తున్నా నాకు తెలియదు. “మీ మామకు నా నమస్కారం రాయమ్మా” అన్నాడు. రాస్తున్నాను.

ఆస్మాకు పరుగు బూట్లు పంపుతున్నాను. కొంచెం పెద్దవైనా తిరిగి పంపవద్దు, లోపల గుడ్డ పెట్టుకోమను. మిరియాన్ని ఇప్పుడే ఎవరినీ ఎక్కనివ్వకండి. ఎముకలు ముదరాలి. ముందు చప్పుళ్లకు, డప్పులకు, పూల దండలకు అలవాటు చెయ్యండి. అది ఆస్మా పని.

నిన్ను ఒకటి అడగాలని ఉంది. కొలతల రోజు ఆస్మా వెంట నువ్వే వెళ్లు. అత్త అయితే మైదానంలోకి దూకి కర్ర పట్టుకున్నవాళ్లతో పోట్లాడుతుంది. నువ్వు నిలబడి చూడగలవా? కష్టమని తెలుసు. అయినా వెళ్లు.

నీ
శిరీను


బేతంచెర్ల
14 సెప్టెంబరు 2025

శిరీనమ్మకు మామ దువాలు.

ఈ మధ్య ఉత్తరాలు తగ్గాయి. నువ్వు రెండుసార్లు వచ్చిపోవడంతో రాయవలసినవన్నీ మాట్లాడేసుకున్నాం. నిన్నటి సంగతి మాత్రం రాయాలి.

ముందు మిరియం. ఇంకా ఎదగవలసింది కొంచెమే ఉంది. మీ అంచనాకు అటూ ఇటూ పోయేట్టు లేదు. ఆనందం సార్‌కు చెప్పు, ఆయన కాగితం నిజమే చెప్పింది. మొహం మీద తెలుపు మొదలైంది, బూడిద చల్లినట్టుంది. డప్పులు చెవి పక్కన మోగినా కదలకుండా నిలబడేట్టు ఆస్మా దాన్ని మలిచింది.

నిన్న కర్నూలులో కొలతలు. రాతపరీక్షలో ఆస్మాకు మంచి మార్కులు వచ్చాయని నీకు తెలుసు. పొద్దున్నే మైదానానికి చేరాం. తల్లులూ తండ్రులూ అందరం కంచె బయట. ఆస్మా బూట్లు గట్టిగా కట్టుకుని, నా చెయ్యి ఒకసారి పట్టుకుని లోపలికి పోయింది.

కొలత దాటినవాళ్లు పరుగు గీతల వైపు పోతున్నారు. దాటనివాళ్లు గేటు వైపు తిరుగుతున్నారు. మైకులో ఏదో చెబుతున్నారు, పక్కవాళ్లు చెవులు రిక్కించి వింటున్నారు. నాకు ఆ అవకాశం లేదు కాబట్టి కాళ్లను చూస్తున్నాను. ఎవరి కాళ్లు ఎటు తిరుగుతున్నాయి అని.

ఆస్మా వంతు వచ్చింది. బూట్లు విడిచి, మడమలు ఆనించి, గడ్డం ఎత్తి నిలబడింది. అక్కడి పోలీసమ్మ కర్ర దించి చూసింది. ఇంకోసారి దించి చూసింది. ఏదో చెప్పింది. ఆస్మా తల ఊపింది. వంగి బూట్లు తొడుక్కుంది, తొందరపడలేదు, రెండు ముళ్లూ సరిగ్గా వేసుకుంది. తర్వాత గేటు వైపు తిరిగింది.

ఈ ఒక్క క్షణం రాకూడదనే కదా నేను అన్ని పనులు చేసింది. అది రానే వచ్చింది. కానీ నేను భయపడిన నడక అది కాదమ్మా. తల దించుకోలేదు. దారిలో ఒక పిల్ల కూలబడి ఏడుస్తుంటే ఆగి, భుజం మీద చెయ్యి వేసి ఏదో చెప్పి, లేపి తనతో పాటు తీసుకొచ్చింది. నా మాటే నెగ్గి అది వేంపల్లెలోనే ఉండిపోయి ఉంటే ఆ నడక చూసేవాడిని కాదు.

బయటికి వచ్చి నా ఎదురుగా నిలబడింది.

“గోరంత తక్కువంట నాయనా. రెండుసార్లు కొలిచినారు. సరిగ్గానే కొలిచినారు.”

“ఏడుపొస్తాందా?”

“వస్తాంది. బస్సులో ఏడుస్తా. ముందు ఏమన్నా తినిపీ.”

బస్టాండు ముందర ఉగ్గాని, బజ్జీలు తిన్నాం. నా ప్లేటులోవి కూడా తీసుకుంది. బస్సులో చెప్పినట్టే కిటికీ వైపు తిరిగి ఏడ్చింది. నేను ఓదార్చలేదు. టవలు ఇచ్చాను. ఓర్వకల్లు దగ్గరపడుతుండగా మొహం తుడుచుకుని, “దిగుదాం పా, నవీదన్నతో మాట్లాడేది ఉండాది” అంది.

దిగాం. పందిరి కింద ఇద్దరూ చాలాసేపు మాట్లాడుకున్నారు. ఆస్మా చేతులు తిప్పుతూ ఏదో వివరిస్తోంది. నవీద్ మొదట అడ్డంగా తలాడించాడు, తర్వాత ఆలోచించాడు, తర్వాత గుర్రాలను చూపించాడు. అతని దగ్గరున్న గుర్రాలకు చెప్పుకోదగ్గ శిక్షణ లేదు, పిల్లలు రోజూ పడుతుంటారు. ఆస్మా వీపు నా వైపు ఉంది. పెదవులు కనపడలేదు. అటు పక్కకు పోతే కనపడేవి. పోలేదు.

ఇంటికి వచ్చాక కూడా అది ఏమీ చెప్పలేదు. మీ అత్త నాలుగుసార్లు నన్ను మోచేత్తో పొడిచింది, అడగమని. నేను అడగలేదు. ఈ పొద్దున ఆస్మా లేచి, బూట్లు కట్టుకుని, గనుల రోడ్డులోకి కాక మిరియం దగ్గరకు పోయి దాని కాళ్లు ఒక్కొక్కటే ఎత్తి గిట్టలు శుభ్రం చేస్తోంది. ఆస్మా మొహంలో ఏదో లెక్క కుదురుతోంది.

నీకు ముందే ఫోన్ చేసి చెబుతుందేమో. చెబితే నాకు మాత్రం రాయకు. తనే వచ్చి నా ఎదురుగా నిలబడి చెప్పాలి, నేను దాని పెదవుల మీద చూడాలి.

నీ మామ
హుసేన్ వలి